పైత్యం అని రాసిన చీటీ

మొన్న నర్సు చదువు చదివే పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "అమ్మా, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. కలరా కాలం సంగతులు చెబుతాననుకుని కలాలు తీశారు. నేను ఒక చీటీ సంగతి చెప్పాను. సగంలో ఒక పిల్ల మెల్లగా, "అది మీ తప్పే కదమ్మా, ఎందుకు బయటికి చెప్పుకోవడం?" అంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మన ఒప్పులు చెప్పడానికి సర్వీసు పుస్తకం ఉంది. తప్పులు మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ కలం అందుకుంది. నాకు కూడా ఆ రోజు చెప్పింది కాగితం మీద పెట్టాలనిపించింది. అందుకే ఇది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది గూడూరు. నెల్లూరులో దొరసానుల దగ్గర నర్సు పని నేర్చుకున్నాను. ఆ పుణ్యాన నాకు ఇంగ్లీషు దడదడా వచ్చేది, అరవం మాత్రం ఒక్క ముక్క రాదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి చిత్తూరులో ఒక ఆసుపత్రిలో వేశారు. చిత్తూరంటే మీకు తెలుసు కదా, బజారులో ఒకే మనిషి ఒకే మాటలో సగం తెలుగు, సగం అరవం కలిపి మాట్లాడతాడు. మొదటి నెలంతా నేను కూరగాయలు కూడా చేతులతో చూపించి కొనుక్కున్నాను.

మా డాక్టరు తంజావూరు వైపు నుంచి వచ్చిన కుర్రాయన. మంచి చదువు, మంచి చెయ్యి, తెలుగు సున్నా. వరండా దాటి వేపచెట్టు దాకా రోగులు నిలబడితే చూసేది ఆయనొక్కడే. వాకిలి దగ్గర బల్ల వేసుకుని నేను కూర్చుని, వచ్చినవాళ్ళ బాధ ఏమిటో కనుక్కుని, ఇంగ్లీషు అక్షరాలతో చీటీ రాసి లోపలికి పంపాలి. నాకంటే ముందున్న నర్సు రోగి ఒకటి చెబితే తనకు తోచిన జబ్బు పేరు రాసేదట. అందుకని నేను వచ్చీ రాగానే ఆయన ఒక రూలు పెట్టాడు. "రోగి ఏ మాట అంటే ఆ మాటే రాయాలి. అర్థం కాని మాటుంటే కాంపౌండరును అడుగుతాను. నీ వైద్యం నాకొద్దు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండినా రూలు రూలే. ఆ రోజు నుంచి ఎవరు ఏమంటే అదే రాశాను, పొల్లు పోకుండా.

చెరుకు గానుగలాడే కాలంలో ఒక పొద్దున ఐరాల పక్క పల్లె నుంచి ఒక రైతు, ఆయన భార్య, పదిహేనేళ్ళ కూతురు వచ్చారు. అప్పటి బస్సులు బొగ్గు మీద నడిచేవి. మసి పడి ముగ్గురి ముఖాలూ నల్లగా ఉన్నాయి. తల్లిదండ్రులు తుడుచుకున్నారు. ఆ పిల్ల తుడుచుకోలేదు. నిలబెట్టిన చోట నిలబడింది, కూర్చోబెట్టిన చోట కూర్చుంది.

"ఏమైందన్నా పాపకు?" అన్నాను.

"పైత్యం చేసిండాదమ్మా" అన్నాడు రైతు. "నాలుగు నెల్లాయ. ముద్ద నోట్లోకి పోదు. నిద్దర్లేదు. ఏమే అంటే తల దిమ్ముగా ఉండాదంటాది. అదీ పదిసార్లు అడిగితే."

తల్లి అందుకుంది. "బాగా సదివే బిడ్డ తల్లీ. ఇంట్లో సందడంతా దీందే. ఇప్పుడు తల దువ్వుకోవే అంటే గోడపక్కకు తిరిగి పండుకుంటాది. మంత్రం యేయించినాం, మిరపకాయల పొగ పెట్టించినాం. ఏం తక్కువ చేసినామో అడుగు తల్లీ, నువ్వన్నా అడుగు."

ఆ పొగకు పిల్ల కనురెప్పలు ఇంకా వాచి ఉన్నాయి. నేను కూడా అందరిలాగే, "నీకేం తక్కువమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నా వైపు ఒక్క చూపు చూసి తల దించేసుకుంది. ఇదీ అదే అడిగింది అన్నట్టుంది ఆ చూపు. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చీటీ మీద 'పైత్యం, నాలుగు నెలలు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. మా గూడూరులో పైత్యం అంటే పిత్తం. వాంతి, నోరు చేదు, తల తిరగడం. ఎగతాళికి మనం కూడా 'వాడికి పైత్యం ఎక్కువ' అంటాం గానీ, ఆసుపత్రికొచ్చి చెప్పుకునే పైత్యం కడుపుకు సంబంధించిందే. అల్లం రసం, జీలకర్ర, మా కాంపౌండరు కలిపే చేదు మందు. అంతకు మించి నేను ఆలోచించలేదు. ఇంకొకరిని పిలిచాను.

వాళ్ళు లోపలికి పోయి, కాసేపటికి బయటికొచ్చి, గుమాస్తా దగ్గర ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళిపోయారు. పోతూ పోతూ రైతు నాకు దణ్ణం పెట్టాడు. "మద్రాసు పెద్దాసుపత్రికి రాసిచ్చినారమ్మా" అన్నాడు సంబరంగా. పిత్తానికి మద్రాసెందుకో అనుకున్నాను. బల్ల ముందు వరస తరగలేదు. మర్చిపోయాను.

పది రోజులకు రైతు ఒక్కడే వచ్చాడు, చేతిలో కోర్టు కాగితంతో. "పోలీసాయన ఇంటికొచ్చి ఇచ్చిపోయినాడమ్మా. ఊరంతా సూసినారు. ఇదేందో సదివి చెప్పు తల్లీ."

చదివాను. తన కూతురు ఉన్మాది అనీ, ఆమెను పిచ్చాసుపత్రిలో ఉంచడానికి ఉత్తర్వు ఇవ్వమనీ ఆ తండ్రే మేజిస్ట్రేటుగారిని కోరుతున్నట్టు ఉంది అందులో. కింద ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లున్నాయని రాసి ఉంది. ఫలానా తేదీన పిల్లను తీసుకుని కోర్టుకు రావాలి. రైతుకు ఏమీ చెప్పకుండా, కాగితం పట్టుకుని మందులగదిలోకి పరుగెత్తాను.

మా కాంపౌండరు ముసలాయన. ముక్కుపొడుం పీల్చనిదే మందు కలపడు. పుట్టింది చిత్తూరు, ఇంట్లో అరవం, వీధిలో తెలుగు. పాత చీటీల కట్ట విప్పి నా చీటీ వెతికి పట్టుకున్నాడు. చదివి ఫక్కున నవ్వాడు. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది.

"ఓయమ్మా! పైత్యమని రాసినావా? అరవంలో పైత్యమంటే పిచ్చి గదమ్మా!"

"నాకేం తెలుసు!"

"ఆయనకేం తెలుసు? నాలుగు నెల్లుగా పిచ్చి అని నువ్వు రాసిచ్చినావు. లోపల ఆ బిడ్డ ఉలకలేదు, పలకలేదు. ఆయన అరవంలో అడిగినాడు, వీళ్ళు వీళ్ళ తెలుగులో 'పైత్యమే సామీ, పైత్యమే' అని తలకాయలూపినారు. ఇంకేం కావాల?"

అయిపోయింది కదా! రోగి అన్న మాటే రాశాను. రూలు తప్పలేదు. ఆ పిల్ల మెడకు మాత్రం ఉరి బిగించాను.

అప్పటి చట్టం సంగతి మీకు తెలియదు. కోర్టు ఉత్తర్వు మీద లోపలికి పోయిన మనిషిని తండ్రి కావాలన్నప్పుడు తీసుకురావడం కుదరదు. ఎన్ని నెలలో, ఎన్నేళ్ళో, వాళ్ళు వదిలితేనే. వదిలినా పేరు వదలదు. పదిహేనేళ్ళ పిల్ల. చదువైనా, పెళ్ళైనా, వీధిలో నడిచినా, 'కోర్టువాళ్ళు పిచ్చిదని రాసిచ్చిన పిల్ల' అంటారు.

డాక్టరు గదిలోకి వెళ్ళాను. చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నీ చీటీ చూసి రాయలేదు నేను. పిల్లను చూసి రాశాను" అన్నాడు.

"ఎంతసేపు చూశారు సార్?"

ఆ మాట అనకూడదు. అప్పట్లో నర్సు డాక్టరును అలా అడిగితే ఆ సాయంత్రానికి పెట్టె సర్దుకోవాల్సిందే. అనేశాను.

"ఆమె తినదు, మాట్లాడదు, నిద్రపోదు. వైద్యం కావాలా వద్దా? వద్దంటావా?"

"కావాలి సార్. కావాలనే అంటున్నాను. వైద్యానికి పంపండి, ముద్ర కొట్టి పంపకండి."

"నేనూ, జిల్లా పెద్ద డాక్టరూ ఇద్దరం సంతకాలు చేశాం. కోర్టుకు పోయిన సంతకం వెనక్కి రాదు. నువ్వు వెళ్ళి నీ బల్ల చూసుకో" అన్నాడు. ఆయన చెడ్డవాడని నేను ఏనాడూ అనను. తప్పు ఒప్పుకోవడం అప్పటికి ఇంకా నేర్చుకోలేదు, అంతే. నేనైనా ఆ రోజే నేర్చుకున్నాను.

కోర్టుకు పోయి ఉన్న సంగతి చెబుతానని మేట్రనమ్మతో అంటే తలుపు వేసి మరీ తిట్టింది. "నోరు మూసుకుని ఉద్యోగం చేసుకో. పైవాళ్ళ మీద కోర్టుకెక్కిన నర్సును ఎవరుంచుకుంటారే? మీ అమ్మ నీ జీతం మీదే కదా బతుకుతోంది!" నిజమే. మా నాయన పోయి మూడేళ్ళు, ఇంటికి నా జీతమే ఆధారం. భయం ఒకపక్క, రోషం ఒకపక్క. మీరు దీన్ని ధైర్యం అనుకోకండి. నా చేత్తో రాసిన మాట ఒక పిల్లను మింగుతుంటే బల్ల దగ్గర కూర్చుని ఇంకో చీటీ రాయడం నా వల్ల కాలేదు.

కోర్టు రోజున సెలవడిగాను, ఇవ్వలేదు. అడగకుండా పోయాను. తెల్ల యూనిఫారం మీదే పోయాను, ఎవరూ గుర్తుపట్టకుండా చాటుగా పోవడం నాకిష్టం లేదు.

వరండాలో ఆ ముగ్గురూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. తల్లి తన కొంగు, కూతురి ఓణీ చెంగు కలిపి ముడేసుకుని ఉంది. చుట్టూ వ్యాజ్యాలకొచ్చిన జనం. ఒకడు పక్కవాడికి చూపిస్తున్నాడు. "అదో, ఆ పిల్లేనంట. కరుస్తాదేమో, దూరంగా ఉండబ్బా."

"నువ్వు కరవకుండా ఉంటే చాలు, పో అవతలికి!" అన్నాను. వాడు పోయాడు. పిల్ల తల ఎత్తలేదు గానీ, నేను పక్కన కూర్చుంటే జరగలేదు.

మేజిస్ట్రేటుగారు కడప వైపు ఆయన, తెలుగు మనిషి. ఆయన పిల్లను పేరడిగారు. బదులు లేదు. ఊరడిగారు. లేదు. కోర్టు గుమాస్తా కలం కదులుతోంది. పలకకపోవడమే సాక్ష్యమైపోతోందని నాకర్థమైంది. లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఒక్క మాట చెప్పుకోవాలి."

"మీరెవరు? డాక్టరా?"

"కాదయ్యా. నర్సును. ఈ కేసులో మొదటి మాట రాసింది నేను. అది తప్పుగా రాశాను."

చెప్పాను, మొదటి నుంచి. పైత్యం మాట రాగానే అరవం తెలిసిన ప్లీడర్లు కొందరు ముసిముసిగా నవ్వారు. గుమాస్తా కలం ఆపి తల గీరుకున్నాడు. మేజిస్ట్రేటుగారు నవ్వలేదు. తండ్రిని పిలిచి, "నీ కూతురికి పిచ్చి అని నువ్వు రాయించావా?" అని అడిగారు.

ఆ రైతుకు సంగతంతా అప్పుడే తెలిసింది. కోర్టుకు రావాల్సిన తేదీ తప్ప నేనేమీ చెప్పలేదు. ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన నా వైపు చూశాడు, తన బొటనవేలు వైపు చూసుకున్నాడు, ఒక్కసారిగా కోర్టు అదిరేలా అరిచాడు.

"పిచ్చా! నా బిడ్డకా! నేనెప్పుడన్నాను సామీ? పైత్యమన్నాను, మందడిగినాను! ఏలు పెట్టమంటే పెట్టినాను! ఈ ఏలు నరికేయండి, ఆ కాయితం మాత్రం చించేయండి!"

బంట్రోతు వచ్చి ఆయన్ని పట్టుకున్నాడు. మేజిస్ట్రేటుగారు వదలమని సైగ చేసి, నన్ను చూశారు. "పిచ్చి కాదంటున్నావు. మరి ఆ పిల్ల ఎందుకు మాట్లాడదు?"

"నాకు జబ్బు పేరు తెలియదయ్యా. జబ్బని మాత్రం తెలుసు. ఆ పిల్లను పొగ పెట్టినవాడు, బళ్ళో అయ్యవారు, కన్నవాళ్ళు, నేను, అందరమూ ఒకటే అడిగాం, నీకేం తక్కువని. జ్వరమొచ్చినవాణ్ణి అలా అడుగుతామా? దానికి బదులేం చెబుతుంది? వైద్యం చేయించాలి, కోర్టు పేరు పెట్టకుండా చేయించాలి."

"ఎవరు చేయిస్తారు?"

"నేను."

నోట్లోంచి వచ్చేసింది. ఆయన వెంటనే పట్టుకున్నారు. నెలలోగా మద్రాసులో మనసు జబ్బులు తెలిసిన డాక్టరుకు చూపించి, ఆయన రాసిన కాగితం తెచ్చి ఇవ్వాలి. ఈలోగా పిల్లకు ఏం జరిగినా నేనే జవాబు చెప్పుకోవాలి. అలా రాసిచ్చి సంతకం పెడితే, తండ్రి అర్జీ వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంటానన్నారు. పెట్టాను. నా సంతకం నాకే కొత్తగా కనిపించింది.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి నా బల్ల మీద రెండు కాగితాలున్నాయి. రెండూ డాక్టరు చేతిరాతే. ఒకటి, సెలవు లేకుండా పోయినందుకు, పైవాళ్ళను ధిక్కరించినందుకు నా మీద ఫిర్యాదు నకలు. రెండోది, మద్రాసులో వారానికొకసారి మనసు జబ్బులవాళ్ళను చూసే తన పాత గురువుకు రాసిన ఉత్తరం. 'ఈ పిల్లను దయచేసి తీరికగా చూడండి' అని ఉంది అందులో. తీరికగా అన్న మాట కింద గీత గీశాడు. నేను రెండూ మడిచి పెట్టెలో పెట్టుకున్నాను.

ఆ నెలలో వారానికి రెండుసార్లు ఐరాల బస్సెక్కి పోయి పిల్లను చూసొచ్చాను. తల్లి ఒకనాడు పొయ్యి దగ్గర గొంతు తగ్గించి చెప్పింది. "బాయికాడికి దీన్ని ఒంటిగా పంపడం మానేసినాను తల్లీ. ఒగనాడు మెట్ల మీద కూసోనుండె, నీళ్ళకల్లా సూస్తా."

"ఎందుకు కూర్చుందో అడిగావా?"

"అయ్యో, ఆ మాట ఎత్తొద్దు! ఎత్తితే లేనిది పుడతాది."

నేనూ ఎత్తలేదు. మా చదువులో కూడా అదే నేర్పారు, ఆ మాట రోగి ముందు పలకకూడదని. బావి మీద మూత వేయించమని మాత్రం రైతుకు చెప్పి వచ్చాను.

ఆ తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారుపడతారు. ఆ పిల్ల బతికింది. మద్రాసు డాక్టరు కాగితం తెచ్చి ఇచ్చాక కోర్టు అర్జీ కూడా పోయింది. త్వరగా ఏమీ బాగుపడలేదు. రెండేళ్ళు పట్టింది. ఇప్పటిలాంటి మాత్రలు అప్పుడు లేవు. ఉన్నదల్లా నిద్రకొక మందు, ఓపిగ్గా మాట్లాడే డాక్టరు, పొగ పెట్టకుండా తిట్టకుండా ఉండే ఇల్లు. మధ్యలో రెండుసార్లు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత టీచరు శిక్షణ చదివింది, పెళ్ళి చేసుకుంది. మొదటి కాన్పు అయ్యాక జబ్బు మళ్ళీ వస్తే, ఎవరూ చెప్పకుండానే తనే రైలెక్కి డాక్టరు దగ్గరికి పోయింది. నాకు మాత్రం బదిలీ అయింది, తిరుపతిలో కొండ కింద యాత్రికుల కాళ్ళ బొబ్బలకు కట్లు కట్టే పనికి. శిక్ష అన్నారు. నేను తొమ్మిదేళ్ళు హాయిగా కట్లు కట్టాను. క్షమాపణ రాసివ్వమని మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ రాయలేదు. పోనీలే, ఇప్పటికైనా రాస్తావా అని ఎవరైనా అడిగితే, ఇప్పుడూ రాయను.

ఇక ఆ మద్రాసు రోజు. కాట్పాడిలో రైలు మారాం. పెట్టెల నిండా సిపాయిలు. తల్లి, పిల్ల, నేను మరుగుదొడ్డి తలుపు పక్కన మూటల మీద కూర్చుని పోయాం. పిల్ల దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరు పెద్దాయన. ఉత్తరం చదివి, తల్లిని తలుపు దగ్గర బెంచీ మీద కూర్చోమన్నాడు. తన కుర్చీ లాక్కుని పిల్లకు ఎదురుగా, దగ్గరగా కూర్చున్నాడు. ఆయన ఇంగ్లీషులో అడగడం, నేను తెలుగులో చెప్పడం. ఒక్క మాట తేడా వచ్చి ఇంత పని జరిగింది కదా, ప్రతి మాటా రెండుసార్లు మనసులో తిప్పుకుని చెబుతున్నాను. నిద్ర, ఆకలి, బడి. పిల్ల తల ఊపుతోంది, ఒక్కోసారి అదీ లేదు. ఏం తక్కువని ఆయన అడగలేదు.

కొంతసేపటికి ఆయన అదే గొంతుతో, "చచ్చిపోవాలని అనిపిస్తోందేమో అడుగు" అన్నాడు.

"సార్, ఆ మాట అడగకూడదు సార్."

"ఎందుకు?"

"అడిగితే లేని ఆలోచన పుడుతుంది."

"ఇప్పుడు నేను నీతో అన్నాను కదా. నీకు పుట్టిందా?"

"లేదు సార్."

"అయితే అడుగు. మెత్తగా మార్చి అడక్కు. ఉన్న మాట ఉన్నట్టు అడుగు."

నేను పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. కోర్టులో రాసిచ్చిన సంతకం గుర్తొచ్చింది, మా అమ్మ గుర్తొచ్చింది. అడిగాను. "నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?"

ఆ పిల్ల తల ఎత్తింది. మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, తడుపుకుంది.

"రోజూ అనిపిస్తాదక్కా" అంది. "తెల్లారి కండ్లు తెరస్తానే అనిపిస్తాది." మళ్ళీ తనే అంది, "ఇన్నాళ్ళకు అడిగినారే."

బెంచీ మీద నుంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, అదేం మాటే! నోరు ముయ్యి! ఎవురన్నా ఇంటే ఏమనుకుంటారే!" అంటూ కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆ చేతిని నేను గట్టిగా పట్టుకున్నాను.

"గమ్మునుండు తల్లీ" అన్నాను. "బిడ్డ మాట్లాడతా ఉండాది."